27 అడుగులు, 36 అడుగులు: సానియా మీర్జా కెరీర్‌ని కొలిచి చూస్తే

మా విడవలూరులో టెన్నిస్ బంతి తెలియని పిల్లలుండరు. కాకపోతే దాంతో ఆడేది క్రికెట్. కోతలయిన మడిలో మూడు కర్రలు పాతి, కొట్టులో కొన్న బంతికి నూగంతా పోయి బోడిగా అయ్యేదాకా ఆడతారు. ఆ బంతి అసలు ఏ ఆట కోసం తయారైందో ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. నిజం టెన్నిస్ కోర్టుని కంటితో చూసింది ఇంజినీరింగ్‌లో చేరాకే.

అయినా సానియా మీర్జా పేరు మా ఇంట్లో అందరికీ తెలుసు. పోయిన వేసవి సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు టీవీలో ఫ్రెంచ్ ఓపెన్ వస్తోంది. మా పెదనాయన కాసేపు చూసి, "మన సానియా ఉన్నప్పుడన్నా చూడబుద్దయ్యేది. ఆ పిల్ల కూడా ఒక్కతే ఆడి గెలవలేక జతలోకి పోయింది గదమ్మే" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. కానీ జవాబు దొరకలేదు. ఎందుకంటే నేనూ లోపల్లోపల అట్లానే అనుకునేదాన్ని. సింగిల్స్ అసలు ఆట, డబుల్స్ అంటే అది దొరకనివాళ్ళు తీసుకునే రెండో ఆప్షన్. కౌన్సెలింగ్‌లో మొదట పెట్టిన బ్రాంచ్ రాకపోతే తర్వాతది తీసుకున్నట్టు. ఇది నిజమా కాదా అని ఆ సెలవుల్లో కూర్చుని ఆమె కెరీర్ మొత్తం ఏడాది ఏడాదిగా రాసుకుంటూ చదివాను. ఆ చదువే ఈ వ్యాసం. టెన్నిస్ గురించి ఏమీ తెలియనివాళ్ళకి కూడా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నించాను, ఎందుకంటే మొదలుపెట్టినప్పుడు నాకూ ఏమీ తెలియదు.

మొదటి సగం: ఒక్కతే ఆడిన ఏళ్ళు

సానియా 1986 నవంబర్ 15న ముంబైలో పుట్టింది. పసితనంలోనే కుటుంబం హైదరాబాద్ వచ్చేసింది. ఆరేళ్ళ వయసులో వాళ్ళమ్మ నిజాం క్లబ్‌లో టెన్నిస్ కోర్టుకి తీసుకెళ్తే, ఇంత చిన్నపిల్లకి నేర్పడం కుదరదని కోచ్ అన్నాడట. నేర్పాల్సిందేనని పట్టుబట్టిన సంగతి ఆమె రిటైర్ అయ్యేటప్పుడు తనే రాసింది. తర్వాత తండ్రి ఇమ్రాన్ మీర్జానే ప్రధాన కోచ్ అయ్యాడు.

2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ టైటిల్ వచ్చింది, రష్యా అమ్మాయి అలీసా క్లేబనోవాతో కలిసి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆమె మొదటి పెద్ద గెలుపు డబుల్స్‌లోనే.

2004 చివర్లో ఆమె సింగిల్స్ ర్యాంక్ 200 అవతల ఉంది. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో వైల్డ్‌కార్డ్ దొరికింది. వైల్డ్‌కార్డ్ అంటే ర్యాంక్ చాలకపోయినా నిర్వాహకులు ఇచ్చే నేరు ప్రవేశం. ఆమె మూడో రౌండ్ దాకా వెళ్ళి సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోనే జరిగిన డబ్ల్యూటీఏ టోర్నీ ఫైనల్లో ఉక్రెయిన్ క్రీడాకారిణి అల్యోనా బొందరెంకోని 6-4, 5-7, 6-3తో ఓడించింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారత మహిళ ఆమే. మార్చిలో దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ కుజ్నెత్సోవాని ఓడించింది. సెప్టెంబర్‌లో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్ దాకా వెళ్ళి షరపోవా చేతిలో ఆగింది. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో అంతదూరం వెళ్ళిన భారత మహిళ అంతకుముందు ఎవరూ లేరు. అప్పటికి ఆమెకి పద్దెనిమిదేళ్ళు, అంటే ఇది చదువుతున్న మనలో చాలామంది కంటే చిన్నది.

ఇక్కడ ఒక్క చిన్న విషయం ఆలోచించండి. ఆ మొదటి టైటిల్ సొంతూళ్ళోనే వచ్చింది. హైదరాబాద్‌లో ఆ టోర్నీ జరిగింది 2003 నుంచి 2005 వరకే, తర్వాత బెంగళూరుకి వెళ్ళిపోయింది. సరిగ్గా ఆమె తయారవుతున్న మూడేళ్ళూ పెద్ద టోర్నీ ఇంటి గుమ్మం ముందుకొచ్చింది. ప్రతిభ ఆమెది, అందులో అనుమానం లేదు. కానీ మెట్టు దగ్గర్లో ఉండటం కూడా ఎంత ముఖ్యమో ఆ తేదీలు చెబుతాయి.

2007 ఆగస్టు 27న ఆమె సింగిల్స్ ర్యాంక్ 27. అదే ఆమెకి అత్యుత్తమం. అదే నెలలో దక్షిణ కొరియా ఆటగాడు లీ హ్యూంగ్-తైక్ పురుషుల సింగిల్స్‌లో తన అత్యుత్తమ ర్యాంక్ 36కి చేరాడు. అతనూ యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ చూసినవాడే. యూరప్, అమెరికావాళ్ళు ఏలుతున్న ఆటలో ఆసియా నుంచి ఒంటరిగా అంతెత్తుకి ఎక్కడం అంటే ఏంటో అర్థం కావాలంటే ఈ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ర్యాంక్ ఎట్లా పనిచేస్తుంది

కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి ఇది చాలా తేలిగ్గా అర్థమవుతుంది. మహిళల టెన్నిస్‌లో కంప్యూటర్ ర్యాంకింగ్‌లు 1975 నవంబర్‌లోనే మొదలయ్యాయి. సూత్రం ఏంటంటే, గడిచిన 52 వారాల్లో వచ్చిన పాయింట్లే లెక్కలోకి వస్తాయి. మనం చదివిన స్లైడింగ్ విండో అనుకోండి. కొత్త వారం ఒకవైపు నుంచి లోపలికి వస్తుంది, ఏడాది కిందటి వారం రెండోవైపు నుంచి బయటికి పోతుంది. గ్రాండ్‌స్లామ్ గెలిస్తే 2000 పాయింట్లు, మొదటి రౌండ్‌లో ఓడితే 10.

దీనివల్ల ఒక వింత జరుగుతుంది. పోయినేడాది ఇదే వారంలో మీరు బాగా ఆడి ఉంటే, ఈ ఏడాది కూడా అంత బాగా ఆడాలి. లేకపోతే ర్యాంక్ పడిపోతుంది. పాయింట్లు కాపాడుకోవడం అంటే ఇదే. ఇంకో మాటలో చెప్పాలంటే, ఏమీ చేయకుండా కూర్చున్నా కూడా మీరు ఉన్నచోట ఉండరు. మన సీజీపీఏ అట్లా కాదు కదా, మొదటి సెమిస్టర్ మార్కులు నాలుగేళ్ళూ మనతోనే ఉంటాయి. టెన్నిస్‌లో అవి ఏడాదికి చెరిగిపోతాయి.

మరి దెబ్బ తగిలితే? ఆడలేని ప్రతి సోమవారం పాత పాయింట్లు జారిపోతుంటాయి, కొత్తవి రావు. ఆరు నెలలు దూరమైతే ర్యాంక్ పడిపోయి, తిరిగొచ్చాక పెద్ద టోర్నీల్లో నేరు ప్రవేశం దొరకకపోవచ్చు. క్వాలిఫయింగ్ ఆడాల్సి రావచ్చు. అంటే అప్పుడే మానిన చేత్తో మామూలు కంటే ఎక్కువ మ్యాచ్‌లు ఆడాలి. దెబ్బ తగిలినవాళ్ళ దగ్గరే ఎక్కువ పని చేయించుకునే లెక్క అన్నమాట.

మణికట్టు

సానియాకి సరిగ్గా ఇదే జరిగింది. ఆమె ఆటకి ప్రాణం ఫోర్‌హ్యాండ్. బంతి తగిలే క్షణంలో మణికట్టుని కొరడాలా విసిరి కొట్టేది. అదే ఆమె బలం. 2008లో కుడి మణికట్టే దెబ్బతింది. బీజింగ్ ఒలింపిక్స్‌లో మొదటి రౌండ్ సింగిల్స్ మధ్యలోనే నొప్పితో తప్పుకుంది. ఆపరేషన్ అయింది. ఆ తర్వాత కొన్ని నెలలు డిప్రెషన్‌లో గడిపానని, మళ్ళీ ఆడగలనో లేదో తెలిసేది కాదని ఆమె తర్వాత చాలాసార్లు బయటికే చెప్పింది.

అయినా తిరిగొచ్చింది. 2009లో మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. గ్రాండ్‌స్లామ్ గెలిచిన మొదటి భారత మహిళ అయింది. సింగిల్స్ కూడా వదల్లేదు. ర్యాంక్ వంద దాటి వెనక్కి పోయింది, మళ్ళీ వంద లోపలికి తెచ్చుకుంది, మళ్ళీ జారింది. మోకాళ్ళు కూడా మొరాయించాయి. 2013 కల్లా సింగిల్స్ పూర్తిగా ఆపేసింది.

ఇక్కడికి పెదనాయన మాట సగం నిజం. ఆమె సింగిల్స్ వదిలేసింది శరీరం సహకరించకే. దాన్ని దాచక్కర్లేదు. కానీ 'గెలవలేక జతలోకి పోయింది' అనే మాటలో ఇంకో అర్థం ఉంది: జతలో ఆడటం తేలిక అని. అది నిజమో కాదో కాగితం మీద తేలలేదు. కొలిచి చూడాలనిపించింది.

కళ్ళంలో కోర్టు

టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు. నెట్‌కి ఇటు సగం, అటు సగం, అంటే మనవైపు 39 అడుగులు. సింగిల్స్‌కి వెడల్పు 27 అడుగులు. డబుల్స్‌కి రెండుపక్కలా నాలుగున్నర అడుగుల చొప్పున కలిసి 36 అడుగులు.

మా ఇంటి వెనక కళ్ళం ఖాళీగా ఉంది. వడ్లు ఎత్తేసి అప్పటికి నెల దాటింది. నేనూ, మా పిన్ని కొడుకూ టేపు పట్టుకుని కొలిచి, ముగ్గుపిండితో గీతలు గీశాం. పెదనాయన వచ్చి, "ఏందమ్మే, ఇంత పెద్ద ముగ్గేస్తుండావు, ఇప్పుడు పండగేముందని?" అన్నాడు. చెప్తే నవ్వి, అరుగు మీద కూర్చున్నాడు.

రాకెట్లు లేవు. తమ్ముడు ఎదురుగా నిలబడి క్రికెట్ బంతిని, అంటే టెన్నిస్ బంతినే, ఒకసారి కుడిమూలకీ ఒకసారి ఎడమమూలకీ విసరాలి. నేను పరిగెత్తి ఒక్క పిచ్ తర్వాత పట్టుకోవాలి. మొదట 27 అడుగుల గీతల మధ్య ఒక్కదాన్నే. పది బంతులు కాకముందే ఆయాసం. తర్వాత 36 అడుగుల గీతలు, పక్కింటి అమ్మాయి నాకు జత. ఈసారి ఆయాసం రాలేదు. కానీ మూడో బంతికే ఇద్దరం ఒకే బంతికి పరిగెత్తి ఒకరినొకరం గుద్దుకున్నాం. ఐదో బంతి ఇద్దరి మధ్య నుంచి పోయింది. నేను ఆమె పట్టుకుంటుందనుకున్నాను, ఆమె నేను పట్టుకుంటాననుకుంది.

లెక్క వేస్తే: సింగిల్స్‌లో ఒక మనిషి కాపాడాల్సిన నేల 27 × 39, అంటే 1053 చదరపు అడుగులు. డబుల్స్‌లో ఇద్దరికీ కలిపి 36 × 39, అంటే 1404. మనిషికి 702. సింగిల్స్‌లో సరిగ్గా మూడింట రెండు వంతులు. కాబట్టి పరుగు తగ్గుతుంది, అది నిజం. కానీ కాపాడాల్సిన నేల మొత్తం మీద మూడో వంతు పెరిగింది. నెట్ దగ్గర ఎదుటివాళ్ళలో ఒకరు ఎప్పుడూ కాచుకుని ఉంటారు. బంతి కొంచెం ఎత్తుగా వెళ్ళినా అక్కడే కొట్టేస్తారు. ఆలోచించడానికి దొరికే సమయం సగం. పైగా మధ్యలో ఎవరిదీ కాని నేల ఒకటి ఉంది. అది ఎవరిదో ప్రతి బంతికీ మాటలు లేకుండా తేల్చుకోవాలి.

ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ళకి ఇది వెంటనే తడుతుంది. ఒక ప్రాసెసర్‌కి బదులు రెండు పెడితే పని సగమవుతుందని మొదట అనుకుంటాం. తర్వాత తెలుస్తుంది, రెండూ ఒకే మెమొరీని ఒకేసారి ముట్టుకుంటే ఏమవుతుందో. కష్టం తగ్గదు. కష్టం వేరే చోటికి మారుతుంది. కాళ్ళ నుంచి కళ్ళకి, ఊపిరి నుంచి అంచనాకి.

సానియా చేసింది సరిగ్గా ఈ మార్పే. ఆమె సింగిల్స్ ఆటలో బలహీనతలుగా అందరూ చెప్పేవి రెండు: కోర్టంతా కదలడం, రెండో సర్వ్. డబుల్స్‌లో కదలాల్సిన నేల తగ్గింది. సర్వ్ చేసేటప్పుడు నెట్ దగ్గర కాపలాగా జోడీ ఉంది. బలమేమో ఫోర్‌హ్యాండ్ రిటర్న్. కుడిచేతి వాటం మనిషి కోర్టు కుడిపక్క నిలబడితే, బయటికి వచ్చే సర్వ్ నేరుగా ఫోర్‌హ్యాండ్‌కే వస్తుంది. ఉన్న శరీరంతో ఏ లెక్క చేయగలదో ఆ లెక్కని ఎంచుకుంది. దాన్ని ఓటమి అనడానికి నాకు నోరు రావడం లేదు.

రెండో సగం: జత

2011 ఫ్రెంచ్ ఓపెన్‌లో ఎలెనా వెస్నినాతో మహిళల డబుల్స్ ఫైనల్ ఆడి ఓడింది. 2012లో అక్కడే భూపతితో మిక్స్‌డ్ గెలిచింది. 2014లో బ్రెజిల్ ఆటగాడు బ్రూనో సోరెస్‌తో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్. ఆ ఫైనల్ చివరి సెట్ బదులు ఆడే పది పాయింట్ల టైబ్రేక్‌లో 11-9తో తేలింది. అదే ఏడాది జింబాబ్వేకి చెందిన కారా బ్లాక్‌తో సింగపూర్‌లో సీజన్ చివరి డబ్ల్యూటీఏ ఫైనల్స్ గెలిచింది.

2015 మార్చిలో మార్టినా హింగిస్‌తో జత కట్టింది. హింగిస్ అంటే ఒకప్పటి సింగిల్స్ ప్రపంచ నంబర్ వన్. కుడిపక్క సానియా ఫోర్‌హ్యాండ్, ఎడమపక్క హింగిస్ బ్యాక్‌హ్యాండ్, నెట్ దగ్గర హింగిస్ చేతులు. కలిసి ఆడిన మొదటి మూడు టోర్నీలూ గెలిచారు: ఇండియన్ వెల్స్, మయామి, చార్లెస్టన్. 2015 ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. భారత మహిళల్లో మొదటిసారి. డబుల్స్ ర్యాంక్ జతకి ఇవ్వరు, మనిషికి ఇస్తారు. అంటే ఆ నంబర్ వన్ ఎవరితోనూ పంచుకున్నది కాదు, ఆమె సొంతం.

ఆ జూలైలో వింబుల్డన్ ఫైనల్. ఎదురుగా రష్యన్ జోడీ మకరోవా, వెస్నినా. నాలుగేళ్ళ కిందట సానియా పక్కన ఉన్న వెస్నినానే. మొదటి సెట్ 5-7తో పోయింది. రెండోది టైబ్రేక్‌లో వచ్చింది. మూడో సెట్‌లో 2-5 వెనకబడ్డారు. అక్కడి నుంచి వరుసగా ఐదు గేమ్‌లు. మధ్యలో వెలుతురు చాలక సెంటర్ కోర్టు పైకప్పు మూసి లైట్లు వేశారు. 5-7, 7-6, 7-5. ఈ మ్యాచ్ నేను యూట్యూబ్‌లో రెండుసార్లు చూశాను. స్కోరు ముందే తెలిసినా 2-5 దగ్గర గుండె దడదడలాడింది.

తర్వాత యూఎస్ ఓపెన్, డబ్ల్యూటీఏ ఫైనల్స్. ఆపైన 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్, అదీ 2011 ఫ్రెంచ్ ఫైనల్లో తనని ఓడించిన చెక్ జోడీ హ్లవచ్కోవా, హ్రదెస్కాల మీదే. వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచాక ఫిబ్రవరిలో దోహాలో ఆగారు. ఆగస్టులో విడిపోయారు. విడిపోయాక జరిగిన సిన్సినాటి ఫైనల్లో సానియా, స్ట్రిత్సోవాతో కలిసి, హింగిస్ ఉన్న జోడీని ఓడించింది. మొత్తం 91 వారాలు ఆమె నంబర్ వన్‌గా ఉంది. ఆరు గ్రాండ్‌స్లామ్‌లు, మూడు మహిళల డబుల్స్, మూడు మిక్స్‌డ్. నాలుగు గ్రాండ్‌స్లామ్ వేదికల్లోనూ కనీసం ఒక్కటి. డబ్ల్యూటీఏ డబుల్స్ టైటిళ్ళు 43, సింగిల్స్ టైటిల్ 1.

కొరియాలో మూడు ఊళ్ళు

ఈ ఏళ్ళన్నీ రాసుకుంటుంటే నాకు తమాషాగా అనిపించిన సంగతి ఒకటుంది. ఆమె కెరీర్‌లో మూడు దశలకీ మూడు కొరియా ఊళ్ళు గుర్తుగా ఉన్నాయి.

2002, బుసాన్. ఆసియా క్రీడలు. లియాండర్ పేస్‌తో మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం. అప్పటికి ఆమెకి ఇంకా పదహారు నిండలేదు.

2006, సియోల్. కొరియా ఓపెన్ సింగిల్స్‌లో హింగిస్ మీద 4-6, 6-0, 6-4 గెలుపు. తొమ్మిదేళ్ళ తర్వాత నెట్ ఇటుపక్కకి వచ్చి తన జోడీ కాబోతున్న మనిషిని, ఆ రోజు ఎదురుగా నిలబడి ఓడించింది.

2014, ఇంచియాన్. మళ్ళీ ఆసియా క్రీడలు. ర్యాంకింగ్ పాయింట్లు పోతాయని మొదట ఆడకూడదనుకుంది. ఏషియాడ్‌లో ఆ పాయింట్లు రావు, స్లైడింగ్ విండో మాత్రం ఎవరికోసమూ ఆగదు. తర్వాత మనసు మార్చుకుని వెళ్ళింది. మన ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేనితో కలిసి మిక్స్‌డ్ స్వర్ణం తెచ్చింది. అంతకుముందు 2010లో గ్వాంగ్‌జౌలో ఇంకో తెలుగు ఆటగాడు విష్ణువర్ధన్‌తో రజతం గెలిచింది. అంటే ప్రపంచ స్థాయిలో తను సంపాదించిన అనుభవంలో కొంత పక్కన నిలబడిన మనవాళ్ళకీ అందింది. ఇది సింగిల్స్‌లో జరిగే పని కాదు.

లెక్కలో మిగిలినవి

ఇదంతా చదివి డబుల్స్ వల్ల అంతా మంచే జరిగిందని నేను చెప్తున్నాననుకోకండి. మిగిలిపోయినవీ ఉన్నాయి.

డబుల్స్‌కి ప్రైజ్‌మనీ చాలా తక్కువ, చూసేవాళ్ళూ తక్కువే. జోడీ ఎవరో మన చేతిలో ఉండదు కూడా. 2012 లండన్ ఒలింపిక్స్ అప్పుడు మగవాళ్ళ జట్టులో ఎవరు ఎవరితో ఆడాలన్న గొడవ సర్దడానికి తనని ఎరగా వాడుకున్నారని ఆమె బహిరంగంగానే రాసింది. ఒక మనిషిని, అప్పటికే రెండు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన మనిషిని, సర్దుబాటు వస్తువులా చూశారన్నమాట. నాలుగు ఒలింపిక్స్ ఆడినా పతకం రాలేదు. 2016 రియోలో బోపన్నతో కాంస్య పోరు దాకా వెళ్ళి నాలుగో స్థానంతో తిరిగొచ్చింది.

ఇక సింగిల్స్ ర్యాంక్ 27. మణికట్టు బాగుంటే అది ఎంతదాకా వెళ్ళేదో ఏ లెక్కా చెప్పలేదు. 43 టైటిళ్ళు కూడా ఆ ఖాళీని పూడ్చవు. కానీ ఇంకో సంగతి చూడండి. ఇన్నేళ్ళయినా ఏ భారత మహిళా సింగిల్స్‌లో 27ని దాటలేదు. ఆమె వదిలేసిన చోటే ఇప్పటికీ మనకి అందనంత ఎత్తులో ఉంది. ఇప్పుడు హైదరాబాద్ నుంచి రష్మిక భమిడిపాటి, సహజ యమలపల్లి లాంటివాళ్ళు ఆ మెట్లే ఎక్కుతున్నారు.

2018 అక్టోబర్‌లో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో తిరిగొచ్చిన మొదటి టోర్నీలోనే, హోబార్ట్‌లో, డబుల్స్ గెలిచింది. 2023 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్ ఆడి ఓడింది. పక్కన ఉన్నది రోహన్ బోపన్న. పద్నాలుగేళ్ళప్పుడు తన మొట్టమొదటి మిక్స్‌డ్ జోడీ ఇతనేనని ఆ రోజు కన్నీళ్ళతో చెప్పింది. ఫిబ్రవరిలో దుబాయ్‌లో మాడిసన్ కీస్‌తో ఆడిన డబుల్స్ ఆఖరి మ్యాచ్. అదీ ఓటమే. మార్చి 5న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో వీడ్కోలు ఆట.

అరుగు మీద

కళ్ళంలో మేం ఆడిన రోజు సాయంత్రం పెదనాయన అరుగు దిగి వచ్చాడు. నేను చెప్పిన లెక్కలన్నీ విన్నాడు. 1053, 702 లాంటివి ఆయనకి అక్కర్లేదు. "మడి దున్నేటప్పుడు కాడికి రెండో ఎద్దును కట్టేది మొదటిది చేతగానిదని కాదు గదా" అన్నాడు. కాసేపాగి, "అయినా రెండెద్దులు ఒకే అడుగు ఎయ్యడం ఉండాదే, అది నేర్పేదానికి నాకు ఒక కారు పట్టేది" అన్నాడు.

నేను రెండు వారాలు చదివి, టేపుతో కొలిచి చెప్పాలనుకున్నది ఆయన రెండు మాటల్లో చెప్పేశాడు. కొంచెం ఉడుక్కున్నాను కూడా. తర్వాత తమ్ముడు ముగ్గుపిండి గీతల మీదే మూడు కర్రలు పాతాడు. చీకటి పడేదాకా అదే బంతితో క్రికెట్ ఆడాం.